మూడు మాటలకో నవ్వు

లాండ్రీ వెనక గది
జూన్, ఆదివారం

పంతులమ్మకి పిన్ని రాసేది,

ఈ ఏడు నీకు మార్చిన హాస్టలు గది కిటికీ రోడ్డు వైపు ఉందని రాశావు. మంచిదే, చదువు విసుగు పుడితే రోడ్డు చూడొచ్చు. టీచరు ట్రైనింగంటే పిల్లలకి పాఠం చెప్పడం నేర్పుతారనుకున్నా. పిల్లల ముందు ఎలా నిలబడాలో కూడా నేర్పుతారని ఇప్పుడే తెలిసింది. నిలబడటం మనింట్లో అందరికీ వచ్చు. ఆ ఒక్క పేపరుకి నువ్వు చదవక్కర్లేదు.

ఇక్కడి సంగతి. ఎవరో ఒకరు నీ చెవిన వేస్తారు కాబట్టి నేనే చెప్పేస్తున్నా. మంగళవారం తడి దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని మేడ మీదికి ఎక్కుతుంటే కాలు జారింది. రెండో అంతస్తు మలుపులో పడ్డాను. నుదుటి మీద రెండు కుట్లు. మూట మాత్రం విడిపోలేదు. నేను కట్టిన ముడి కదా.

మేస్త్రి ఒక కాగితం మీద లాండ్రీ ముద్ర వేసి ఆస్పత్రికి పంపించాడు. కుట్లేసి పొమ్మంటారనుకుంటే ఛాతీ మీద తీగలు అంటించి గీతల కాగితం తీశారు. అది చూసి కుర్ర డాక్టరు పెద్ద డాక్టర్ని పిలిచాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "గుండెకి కుడివైపు బరువు పడుతున్నట్టుంది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఉందేమో చూడాలి" అన్నాడు. దెబ్బ తగిలింది నుదుటికైతే గుండె కుడివైపు ఎందుకొచ్చిందండీ అని అడిగా. నవ్వి, మళ్ళీ రమ్మని చీటీ మీద రాశాడు.

ఫోన్ చెయ్యనా అని రాశావు. వద్దు. ఆఫీసు ఫోను పక్కనే మేస్త్రి చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు. పైగా నువ్వు నేర్పిన అక్షరాలు వాడకపోతే తుప్పు పడతాయి. ఉత్తరమే రాయి.

నీ పిన్ని


హాస్టలు, రెండో అంతస్తు
జూన్ చివరి వారం

పిన్నికి,

కుట్లు తీశారా? తల తడపకు. తడుపుతావని తెలుసు, అందుకే రాస్తున్నా.

రక్తపోటంటే బీపీయే కదా. మా వార్డెనుకి పదేళ్ళుగా ఉంది. ఆవిడ చెప్పినవన్నీ రాసుకున్నాను. ఉప్పు సగానికి తగ్గించు. కోపం తెచ్చుకోకు (మేస్త్రిని తలుచుకున్నా సరే). మాత్ర ఇస్తే రోజూ ఒకే వేళకి వేసుకో. బీపీకి కంగారు పడక్కర్లేదట, మాత్ర మానేస్తేనే ప్రమాదమట.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. ఊపిరితిత్తుల్లో అని ఎందుకన్నాడు? రక్తం ఒళ్ళంతా ఒకటే కదా. తరగతి పుస్తకంలో వెతికాను, గుండె బొమ్మ ఉంది, ఊపిరితిత్తుల బొమ్మ ఉంది, రెండింటికీ మధ్య బాణాలున్నాయి. ఆ బాణాల దగ్గరే ఆగిపోయాను.

పడే ముందు కళ్ళు తిరిగాయా? నిజం చెప్పు. అమ్మ పోయినప్పటి నుంచి నాకున్నది నువ్వొక్కదానివే. కాలు జారడం వేరు, కళ్ళు తిరిగి పడటం వేరు. ఏది జరిగిందో డాక్టరుకి చెప్పావా?

నీ అమ్మాయి


లాండ్రీ వెనక గది
జూలై

పంతులమ్మకి,

ఉప్పు తగ్గించాను. వారం రోజులు తిండి తిండిలా లేదు. తరువాత ఆస్పత్రికి వెళ్తే నర్సు చేతికి పట్టీ కట్టి గాలి కొట్టి చూసి, నూట పది మీద డెబ్బై అంది. "పద్దెనిమిదేళ్ళ పిల్ల బీపీ నీది" అంది. అయితే రోగం లేనట్టేగా అన్నా. ఇది చేతిదమ్మా, మనకి కావాల్సింది లోపలిది అంది. చేతికి లేని బీపీ లోపల ఎలా ఉంటుందో నాకు తెలీదు. నీ వార్డెనుకీ తెలీదు. అనవసరంగా ఉప్పు మాన్పించావు.

లోపలిది చూడటానికి చీకటి గదిలో పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, ఒక పిడిలాంటిది పక్కటెముకల మధ్య ఒత్తిపెట్టి చూశారు. తెర మీద నా గుండె కదులుతోంది. చేప నోరు తెరుస్తూ మూస్తున్నట్టుంది. దీన్ని ఎకో అంటారట. చూసినావిడ, "ఒత్తిడి నలభై నాలుగు దాకా ఉండొచ్చు, కానీ బొమ్మ సరిగా రాలేదు" అంది. ఉండొచ్చు అంటే ఉన్నట్టా లేనట్టా అని అడిగితే, ఇది బయటి నుంచి వేసే అంచనా అంది. లాండ్రీలో అయితే మూట నెత్తికెత్తుకోకుండా బరువెంతో చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు.

కళ్ళజోడు డాక్టరు చాలా అడిగాడు. ఆయాసం వస్తుందా, కాళ్ళు వాస్తున్నాయా, పడ్డప్పుడు స్పృహ తప్పిందా, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉండేదా. అన్నిటికీ లేదని చెప్పాను. మరి ఇంకొన్ని పరీక్షలు చేసి చూద్దాం అన్నాడు. ఆయన మొహం చూస్తే నేను చెప్పింది ఆయనకి సరిపోయినట్టు లేదు.

కాలే జారింది. చెప్పాగా.

నీ పిన్ని


హాస్టలు
జూలై మూడో వారం

పిన్నికి,

ఉప్పు విషయంలో తప్పు నాదే. వార్డెను బీపీ వేరు, నీది వేరు.

మా సైన్సు మేడమ్‌ని పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ బోర్డు మీద గుండె గీసి మధ్యలో గోడ కట్టింది. ఎడమవైపు ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది, కుడివైపు ఊపిరితిత్తులకి మాత్రమే పంపుతుంది. మీ లాండ్రీలో రెండు మోటార్లు ఉన్నాయి కదా, ఒకటి మేడ మీది ట్యాంకుకి, ఇంకోటి పక్కనే ఉన్న నానబెట్టే తొట్టికి. అలా అనుకో. చేతికి కట్టే పట్టీ ట్యాంకు మోటారు సంగతే చెప్తుంది. తొట్టి వైపు గొట్టాలు ఇరుకైపోతే ఆ మోటారు ఒక్కటే గింజుకుంటుంది. అది చిన్న మోటారు పిన్నీ, దూరం తోయడానికి పుట్టింది కాదు. బరువు ఎక్కువైతే ఉబ్బుతుంది. గీతల కాగితంలో డాక్టరు చూసింది అదేనేమో.

ఇక్కడిదాకా అర్థమైంది. ఆ తరువాత మళ్ళీ గజిబిజి. గొట్టాలు ఎందుకు ఇరుకవుతాయంటే మేడమ్ ఐదారు కారణాలు చెప్పింది. ఎడమవైపు గుండె జబ్బు అయ్యుండొచ్చు, ఊపిరితిత్తుల జబ్బు అయ్యుండొచ్చు, రక్తం గడ్డలు అడ్డుపడి ఉండొచ్చు, వంశంలో ఉండొచ్చు, ఒక్కోసారి ఏదీ కాకపోవచ్చు. ఒక్కొక్కటీ కాదని తేల్చుకుంటూ వెళ్ళాలట. వంశంలో అయితే లేదు, అమ్మ పోయింది జ్వరంతో కదా. అదొకటి తీసేశాను.

నువ్వు చెప్పేవి కలిపి చూస్తే మాత్రం నాకు లెక్క కుదరడం లేదు. ఆయాసం లేదు, వాపు లేదు, కళ్ళు తిరగలేదు. మరి ఆ కుడివైపు బరువు ఎక్కడి నుంచి వచ్చింది? ఆస్పత్రి కాగితాలన్నిటికీ నకళ్ళు తీయించి పంపు.

నీ అమ్మాయి


లాండ్రీ వెనక గది
ఆగస్టు, రెండో ఆదివారం

పంతులమ్మకి,

ఇదిగో నకళ్ళు. అన్నీ అయిపోయాయి. సంతోషంగా చదువు.

ఒక గొట్టంలోకి ఊదించారు. ఊదు ఊదు ఇంకా ఊదు అని పక్కన నిలబడి ఒకాయన అరిచాడు, నేను పెళ్ళిలో బాజా ఊదేదాన్ననుకున్నాడేమో. ఊపిరితిత్తులు పరవాలేదన్నారు. ఏదో గాలి పీల్పించి, చేతికి సూది వేసి, పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి ఫొటోలు తీశారు. గడ్డలు లేవన్నారు. రక్తం నాలుగు సీసాలు తీసుకున్నారు.

చివర్న నడక. వరండాలో రెండు కొసలా ఎర్ర డబ్బాలు పెట్టి ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవమన్నారు. ఓ చిన్నమ్మాయి చేతిలో గడియారం పట్టుకుని నా వెనకే వచ్చింది. అలసట వస్తే ఆగొచ్చు ఆంటీ అంది. ఆగడానికి వచ్చానా నేను? ఆగలేదు. ఆ అమ్మాయే వెనకబడింది. నాలుగువందల డెబ్బై మీటర్లు. ఆయాసం ఎంత, సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి అంది. సున్నా అన్నాను. మంచినీళ్ళు తాగుతారా అని అడిగితే, నేను తాగడం కాదు నీకే ఇవ్వాలి అన్నా. నవ్వింది.

వేలికి తగిలించిన క్లిప్పు మాత్రం ఏదో తప్పుగా చూపించిందట. నా వేళ్ళు సోడాకీ వేడినీళ్ళకీ మొద్దుబారి చెప్పు అట్టల్లా ఉంటాయి కదా, క్లిప్పు పట్టలేదని రాసుకుంది.

కళ్ళజోడు డాక్టరు కాగితాలన్నీ పరిచి చాలాసేపు చూశాడు. "అసలు తేలాలంటే మెడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి ఒత్తిడి కొలవాలి. ఆయాసం ఉండి ఉంటే ఈపాటికి పంపేవాణ్ణే. కానీ మీరు ఇంత బాగా నడుస్తున్నారు, ఏ ఇబ్బందీ లేదంటున్నారు. ఎకో పొరపాటు అయ్యుండొచ్చు. ఆరు నెలలు ఆగి చూద్దాం" అన్నాడు.

కాబట్టి గొట్టమూ లేదు, గుండె జబ్బూ లేదు. సోమవారం నుంచి మళ్ళీ మూట. ఇంక నువ్వు బాణాల బొమ్మలు మూసేసి నీ చదువు చదువుకో.

నీ పిన్ని


హాస్టలు
ఆగస్టు, గురువారం

పిన్నికి,

నీ ఉత్తరం చదివి గదిలో అందరికీ చెప్పాను, మా పిన్నికి ఏమీ లేదని. ఆ తరువాత నకళ్ళు చదివాను.

నడక కాగితం నా ముందే ఉంది. మొదలుపెట్టే ముందు ఆక్సిజను తొంభై ఆరు. అదే వేలు, అదే క్లిప్పు. మూడో నిమిషంలో ఎనభై తొమ్మిది. చివర్న ఎనభై మూడు. పక్క గడిలో నువ్వు చెప్పిన సున్నా. పక్కపక్కనే ఉన్నాయి పిన్నీ ఆ రెండు అంకెలు. మొద్దుబారిన వేలయితే మొదట్లో కూడా పట్టకూడదు కదా. మొదట పట్టి, నడిచేకొద్దీ మెల్లగా దిగి, మళ్ళీ కూర్చున్నాక తొంభై నాలుగు ఎలా చూపించింది? పాడైన క్లిప్పు ఇంత పద్ధతిగా పాడవుతుందా?

సైన్సు మేడమ్‌ని అడిగాను. క్లిప్పుని నమ్మాలా మనిషిని నమ్మాలా అని. "మనిషినే నమ్మాలి, అబద్ధం చెప్పడానికి ఆవిడకేం పని" అంది. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఉండబట్టలేక మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. అన్నం వేళ కదా, మేస్త్రి పిలిస్తే గదిలోంచి వాకిలి దాటి వచ్చావు, అంతే, మూటతో కూడా కాదు. "ఏమే, ఎలా ఉన్నావ్" అన్నావు. నవ్వావు. "నేను బాగానే ఉన్నా" అన్నావు. మళ్ళీ నవ్వావు. "పని ఉంది, పెట్టేస్తా" అన్నావు. మళ్ళీ నవ్వు. మూడు మాటలకో నవ్వు. నవ్వాల్సినంత మాట అందులో ఒక్కటీ లేదు. ఆ నవ్వు కింద నీ ఊపిరి వినిపించింది, తడి గుడ్డ ఈడ్చినట్టు.

ఫోను ఎందుకు వద్దంటావో అప్పుడు తెలిసింది. ఉత్తరంలో ఊపిరి వినపడదు. ఏడాది నుంచి ఉత్తరాలే రాయమంటున్నావు. నా అక్షరాల మీద ప్రేమ అనుకున్నాను.

ఒక్కటే అడుగుతున్నా. నడిచాక ఆయాసం వచ్చిందా, రాలేదా?

నీ అమ్మాయి


లాండ్రీ వెనక గది
ఆగస్టు చివర

తల్లీ,

వచ్చింది.

ఈ మాట రాసి మూడు రోజులు కాగితం మడిచి పెట్టేశాను. ఇవాళ మిగతాది రాస్తున్నా.

మా మెట్ల సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఏడాదికోసారి మేస్త్రి మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒక్కొక్కళ్ళం తడి మూటతో మూడంతస్తులూ ఎక్కి ఆయన ముందు దించాలి. దించగానే పేరు, నంబరు, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావు, అన్నీ అడుగుతాడు. రొప్పకుండా చెప్తే మూట పని. రొప్పితే మడత బల్ల. మడత బల్లంటే దుప్పట్లు ఎక్కువున్న రోజే పిలుస్తారు, ఈ వెనక గదీ ఉండదు. గది మూట మోసేవాళ్ళకే.

దానికో కిటుకుంది. ఆఖరి మలుపులో ముడి సర్దుకున్నట్టు ఒక్క క్షణం ఆగాలి. ఊపిరంతా నోట్లోంచి బయటికి వదిలెయ్యాలి. పైకెళ్ళాక మూడు మాటలకి మించి ఒకసారి అనకూడదు. మధ్యలో నవ్వాలి. నవ్వితే ఎవరూ రొప్పు అనుకోరు, ఈవిడ సరదా మనిషి అనుకుంటారు. ఇరవై ఏళ్ళుగా అందరూ నన్ను సరదా మనిషే అనుకుంటున్నారు.

ఆస్పత్రి కాగితం మీద లాండ్రీ ముద్ర ఉంది. నేను అక్కడ ఏం చెప్పినా అది తిరిగి మేస్త్రి బల్ల మీదికే వస్తుందని నా భయం. నడవమంటే నడిచి చూపించాను. అడిగితే లేదన్నాను. ఆ చిన్నమ్మాయి కనబడలేదు నాకు, కుర్చీలో మేస్త్రే కనబడ్డాడు. కొత్తగా చేరినప్పుడు కిటుకుతో నాకు పనే ఉండేది కాదు, భయానికి వాడేదాన్ని. నిజంగా అవసరం ఎప్పుడు మొదలైందో నాకే తెలియలేదు. ఏడాదిన్నర అయ్యుంటుంది. ఆ రోజు కాలు జారలేదు. కళ్ళ ముందు నల్లబడింది, అంతే గుర్తుంది. కాళ్ళు సాయంత్రానికి వాస్తాయి.

ఇంకొకటి. ఇది రాయకూడదనుకున్నా. కిటుకు నాకు నేర్పింది మీ అమ్మ.

అక్కకి జ్వరం రాలేదు. రెండేళ్ళు ఆయాసపడింది. పెదవులు నేరేడు రంగుకి తిరిగేవి. రక్తం తక్కువన్నారు, ఉబ్బసమన్నారు, దిగులన్నారు. ఒకరోజు మేడ మీద ఆఖరి దుప్పటి ఆరేసి తీగ పక్కన కూర్చుంది. లేవలేదు. నీకు ఆరేళ్ళు. నిన్ను బడిలో చేర్చడానికి తీసుకెళ్తే గుమాస్తా అడిగాడు, తల్లి ఎలా పోయిందని. ఆయాసమంటే ఈ పిల్లకీ ఉంటుందేమో, పక్క పిల్లలకి అంటుతుందేమో అని చేర్చుకోరని భయమేసి జ్వరం అన్నాను. మన ఇంట్లో ఎవరూ అంతకు ముందు బడి గుమ్మం ఎక్కలేదు. అక్కడ ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో నాకేం తెలుసు. ఒకసారి కాగితం మీదికి ఎక్కాక అదే నిజమైపోయింది. నీకూ అదే చెప్పాను.

తిట్టాలనుంటే తిట్టు. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

పిన్ని


హాస్టలు
సెప్టెంబరు మొదట్లో

పిన్నికి,

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. ఒకదాంట్లో తిట్టాను. ఒకదాంట్లో ఏడ్చాను. మిగతా రెండింట్లో ఏం చేశానో చదివితే నాకే తెలియలేదు.

వంశంలో లేదని ఒక కారణం తీసేశానని రాశాను గుర్తుందా? పెన్సిలుతో గీత కూడా కొట్టాను. నాకు చదువు మొదలైన కాగితం మీదే అమ్మ గురించి అబద్ధం ఉంది. దాని మీద నిలబడి ఇన్నేళ్ళు చదివాను. కోపం ఎవరి మీద రావాలో తెలియడం లేదు. నువ్వు అలా చెప్పకపోతే నన్ను చేర్చుకునేవారు కాదేమో. అదే అబద్ధం ఆస్పత్రిలో కూడా చెప్పినందుకు డాక్టరు ఇప్పుడు నిన్ను ఆరు నెలలు ఆగమన్నాడు. ఆరు నెలలు మూట మోస్తే ఏమవుతుందో అమ్మని చూసిన నీకు తెలుసు.

గది పోతుందని నీ భయం. ఆ భయం తప్పని నేను అనలేను. నాకు ఇంకా ఉద్యోగం లేదు, రా నేను చూసుకుంటానని రాయడానికి నాకు గది లేదు. ఉన్న మాటే రాస్తున్నా.

దీంతో పాటు ఇంకో ఉత్తరం పెట్టాను, కవరు అంటించలేదు. డాక్టరు గారికి. అందులో క్లిప్పు తప్పు చెప్పలేదనీ, సున్నా నిజం కాదనీ, అమ్మ ఎలా పోయిందనీ రాశాను. తిన్నగా ఆయనకే పంపుదామని పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నీ ఊపిరి గురించి నీకు తెలియకుండా నేను చెప్పకూడదు. చదువు. ఇస్తావో చింపుతావో నీ ఇష్టం.

కానీ ఇవ్వు పిన్నీ.

నీ అమ్మాయి


మడత బల్ల దగ్గర
అక్టోబరు

పంతులమ్మకి,

ఉత్తరం జాకెట్లో పెట్టుకుని వెళ్ళాను. డాక్టరు చెయ్యి చాపాడు కూడా. ఇవ్వలేకపోయా. నా సంగతి ఇంకొకళ్ళ అక్షరాల్లో చదువుతుంటే ఎదురుగా కూర్చోవడం సిగ్గనిపించింది. నోటితోనే చెప్పాను. నవ్వు కలపకుండా చెప్పాలని చూశాను. ఎంత కష్టమో నీకు చెప్పలేను, మాట మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది, ఊపిరి వచ్చేదాకా ఆయన ఎదురుచూశాడు. అక్క సంగతి చెప్పినప్పుడు కలం కింద పెట్టేశాడు.

కోప్పడలేదు. "క్లిప్పుని నమ్మకపోవడం నా తప్పు" అన్నాడు. మళ్ళీ నడిపించాడు. అదే చిన్నమ్మాయి. మూడో నిమిషంలో కుర్చీ అడిగాను. రెండువందల పది మీటర్లు. ఎంత ఆయాసం అంటే ఏడు అన్నా. ఆ పిల్ల నా మొహం చూసి, "ఆ రోజు కూడా ఏడేనా ఆంటీ?" అంది. ఆ రోజు ఎనిమిది అన్నాను.

తరువాతి వారం గొట్టం. నిద్రపుచ్చరు, మెడ పక్కన మాత్రం తిమ్మిరి చేస్తారు. లోపల నొప్పి లేదు, ఏదో చిన్న చేప పక్కకి తిరిగినట్టు గుండె ఒకసారి తడబడింది. డాక్టరు తెర చూస్తూ అంకెలు చెప్తుంటే పక్కావిడ రాసుకుంది. ఇది అంచనా కాదమ్మా, కొలత అన్నాడు. సగటు ఇరవై దాటకూడదట. నాది నలభై ఎనిమిది. ఎడమవైపు గుండె బాగానే ఉందని కూడా అందులోనే తేలింది. ఊపిరితిత్తుల గొట్టాలే ఇరుకు. వంశంలోంచి వచ్చిన రకం కావచ్చని రక్తం ఎక్కడికో పంపారు.

నయమవుతుందా అని అడిగా. పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టొచ్చు, ఎంతవరకో మందు మొదలుపెట్టాకే తెలుస్తుంది అన్నాడు. ఇంత కొలిచాక కూడా తెలియనిది మిగిలే ఉంది. అక్కకి ఈ మందులు దొరికేవా అని అడుగుదామనుకుని మానేశా.

బరువులు మొయ్యకూడదని రాసిచ్చాడు. మేస్త్రి చదివి, మడత బల్ల చూపించాడు. గది ఏడాది చివరి దాకా ఉండనిస్తానన్నాడు, తరువాత సంగతి తెలీదు. ఇక్కడ ఇస్త్రీ చేసే ఆవిడ బయట తన అద్దె గదిలో చోటు ఉందంటోంది. ఆవిడ గురక నువ్వు వినలేదు, అందుకే ఇంకా ఆలోచిస్తున్నా.

ఇప్పుడు నీ సంగతి. డాక్టరు గట్టిగా చెప్పాడు, అక్క కూతురు కూడా ఒకసారి గుండె చూపించుకోవాలని. నా రోగం సంగతి ఒక్కసారే విన్నాను, ఆ మాట మాత్రం ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నా. వెళ్ళు. వెళ్ళి ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నాలా రాయకు.

పిన్ని


హాస్టలు
నవంబరు

పిన్నికి,

ముందు ఫలితం చెప్పేస్తా, లేకపోతే నువ్వు చివరి నుంచి చదువుతావు. ఎకో బాగుంది. గుండె రెండు వైపులా ఉండాల్సినట్టే ఉంది. నీ రక్తం సంగతి తేలాక నాదీ తీస్తారట. అప్పటిదాకా ఏడాదికోసారి చూపించుకోవాలి. బాగుంది అంటే ఎప్పటికీ బాగుంటుందని కాదు, ఇవాళ్టికి బాగుంది అని. ఆ తేడా నాకు ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు.

ఈ ఊరి ఆస్పత్రిలో లేడీ డాక్టరు. అమ్మ గురించి చెప్పాను, జ్వరం అనకుండా. నీ గురించి చెప్పాను. నలభై ఎనిమిది, రెండువందల పది, ఎనభై మూడు, అన్నీ అప్పజెప్పాను. ఆవిడ రాసుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది, "నీకు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"లేదండీ" అన్నాను.

నేను ఆలోచించను కూడా లేదు పిన్నీ. నోరు దానంతట అదే అనేసింది. చిన్నగా నవ్వాను కూడా. ఆ నవ్వు అచ్చం నీదే. నాకు ఎవరూ కిటుకు నేర్పలేదు. పుట్టినప్పటి నుంచి అమ్మనీ, నిన్నూ చూస్తూ పెరిగాను, అంతే.

నిజం ఏమిటో నాకు తెలియదని అప్పుడు అర్థమైంది. రోజూ రెండంతస్తులు ఎక్కుతాను. పైకి వెళ్ళాక ఊపిరి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. "ఒక్క నిమిషం డాక్టర్, చూసొచ్చి చెప్తాను" అన్నాను. ఆవిడ విచిత్రంగా చూసింది గానీ వెళ్ళమంది.

ఆస్పత్రి మెట్లు ఎక్కాను. మలుపుల దగ్గర ఆగలేదు, దేన్నీ సర్దుకోలేదు. మూడో అంతస్తులో గోడకి ఆనుకుని నోరు తెరిచి నిలబడ్డాను. వార్డు ఆయా ఒకావిడ, "ఏమ్మా, బాగా లేదా?" అని అడిగింది. బాగానే ఉందండీ, ఎంత రొప్పుతున్నానో చూసుకుంటున్నా అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో తెలీదు, పక్కనే నిలబడింది, తగ్గేదాకా.

కిందికి వచ్చి కూర్చుని, "వస్తుందండీ. కొంచెం. నిమిషంలో తగ్గింది" అని చెప్పాను. అంతకు ముందు తను రాసింది కొట్టేసి, ఆవిడ అదే రాసుకుంది.

నీ అమ్మాయి